గండి బయట సిపాయి

ఎద్దొకటి ఏమీ తోచక చెదల పుట్టని ఒక్క కుమ్ము కుమ్మి, దాని దారిన అది పోయింది. పడిన గండి వైపు ఎర్రచీమలు బారులు కట్టాయి.

"సిపాయిలంతా బయటికి!" అని లోపల్నించి కేక.

వీరిగాడు కూడా సిపాయే. కోరలు ఎంత పెద్దవంటే తన తిండి తను తినలేడు. కూలి చెద మన్నెమ్మే నమిలి నోట్లో పెట్టాలి.

"అక్కా, నేనొచ్చేదాకా గండి పూడ్చకు."

"పోరా, నిన్నొదిలేసి పూడుస్తానా!"

వీరిగాడు కరిచాడు, నెట్టాడు. పక్కనున్న సిపాయిలు ఒక్కొక్కరే పడిపోయారు. వాడు వెనక్కి చూసిన ప్రతిసారీ గండి ఇంకాస్త చిన్నగా కనపడింది.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"లోపల పిల్లలున్నార్రా. నువ్వే తొందరగా రా!"

"ఎట్లా రాను? నేను తిరిగితే నా వెనకే చీమలొస్తాయి."

మన్నెమ్మ ఆఖరి మట్టిముద్ద ఎత్తింది. పెట్టేసింది.

వీరిగాడు తలతో గోడని టకటకా కొట్టి చూశాడు. కదల్లేదు. "గట్టిగానే కట్టావక్కా," అని చీమల వైపు తిరిగాడు.

లోపల పిల్లలు ఆ చప్పుడు విని, "వీరి మామ కాపలా ఉన్నాడు," అనుకుని నిద్రపోయారు.

మన్నెమ్మ గోడకి చెవి ఆనించి చాలాసేపు కూర్చుంది. మళ్ళీ చప్పుడు రాలేదు. పిల్లల్ని లేపలేదు.