వేపపుల్లలు నమిలే మగవాళ్ళు

సముద్రంలో చేపల వేటకు వెళ్తున్న తమ్ముడు గవర్రాజు సంచి అక్కని నేనే సర్దాను. రెండు లుంగీలు, కారప్పొడి, వేపపుల్లల కట్ట. వాటి పక్కనే ఒక కొత్త బ్రష్షు కూడా పెట్టాను.

ఇప్పుడు ఈ బ్రష్షులతో పళ్ళు తోముకోవడమే రక్తపరీక్ష. చిగుళ్ళ నెత్తురులో హెపటైటిస్ బి ఉంటే బ్రష్షు పిడి ఎర్రబడుతుంది. ఆ కబురు ఆసుపత్రికి చేరి, మర్నాటికల్లా మందుబిళ్ళలు గుమ్మంలోకి వస్తాయి. మా పేటలో ఎర్రబడినవన్నీ ఆడవాళ్ళ బ్రష్షులే. ఈ జబ్బు ఆడవాళ్ళకే ఎందుకు వస్తోందా అని చాలాకాలం ఆలోచించాను. ఒక ఉదయం ఒడ్డున మగవాళ్ళంతా వేపపుల్లలు నములుతూ కనిపించాక అర్థమైంది. వాళ్ళను పరీక్షించిందెవరు? పైగా పడవలో అందరి గడ్డాలకీ ఒకటే కత్తి.

"ఒక్కసారి తోముకోరా. ఏటి సెప్తాదో సూద్దాం," అన్నాను.

"అది ఆడోళ్ళకి సోది సెప్పే పుల్ల, అప్పా! నాకేటైనాది? దుక్కలాగున్నాను."

"పక్కింటి సూరమ్మ కూడా దుక్కలాగే ఉండేది. దానికీ ఎర్రబడింది. బిళ్ళలు మింగి ఇప్పుడు నీకన్నా గట్టిగా అరుస్తంది."

వాడు పకపకా నవ్వి, బ్రష్షు తీసి నా చేతిలో పెట్టాడు. "వొచ్చాక తోముతాన్లే. నువ్వు బెంగెట్టుకోకు."

మూడో నెలలో వాడు కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి పడవలోనే కూలిపోయాడు. ఆ జబ్బు ఏళ్ళ తరబడి ఒంట్లో ఉందని పడవ చేరిన రేవు ఆసుపత్రిలో చెప్పారు. మాఘమాసంలో, అమావాస్య మర్నాడు, అక్కడే పోయాడు. గవర్రాజు ఇంటికి తిరిగి రాలేదు.