చేత్తో పట్టుకునే ఆట

చిజురుకి ఒళ్ళు మండిపోతోంది.

భర్త యోసుకే చొక్కా ఉతకబోతే జేబులో రసీదు దొరికింది. కొత్తగా వచ్చిన చేపలవేట వీడియో గేమ్, డబ్బాతో సహా, తొమ్మిదివేల ఆరువందల యెన్లు. అదే డౌన్‌లోడ్ చేసుకుంటే ఆరువేలే.

ఏప్రిల్లో తన పుట్టినరోజుకి ఆ ఆట మొదటి భాగం ఇచ్చింది ఈ మహానుభావుడే. ఇచ్చాడంటే, తగ్గింపులో దొరికిన డౌన్‌లోడ్ కోడ్ ఒక చీటీ మీద రాసి చేతిలో పెట్టాడు.

"డబ్బా ఎందుకు చెప్పు? అరలో దుమ్ము పట్టడానికి తప్ప. లోపలి ఆట ఒకటేగా" అన్నాడు.

ఆ తర్వాత ఆడావా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

మరి ఈ డబ్బా ఎవరికి? ఇంకెవరికి, మిజుకికి.

జూన్ నుంచీ ఆన్‌లైన్ ఆటలో అతని పడవకి రెండో మనిషి మిజుకి. అతను ఆమె మొహం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. రాసుకునే మాటలే. భోజనం కాగానే గది తలుపు వేసుకుంటాడు. కాసేపటికి నవ్వు మొదలు. పెళ్ళాం చెబితే మొహం చిట్లించే జోకులే, మిజుకి చెబితే పడీపడీ నవ్వుతాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ నవ్వు చిజురుకి దక్కలేదు. గోడకి ఇవతల కూర్చుని, ఏడుపు దిగమింగుకుంటూ వినేది.

మొన్న మిజుకికి అతను పంపిన మెసేజ్ అక్షరం వదలకుండా చదివింది.

"డౌన్‌లోడ్ అయితే చేతికేమీ రాదు. నేనిచ్చేది నువ్వు చేత్తో పట్టుకోవాలి. నువ్వు చెప్పిన కొట్టుకే పంపిస్తున్నా. శనివారం వెళ్ళి తీసుకో."

చేత్తో పట్టుకోవాలిట! తనకేమో చీటీ చాలు.

శనివారం పొద్దున అక్కని చూసొస్తానని చెప్పి రైలెక్కింది. తెన్నోజి స్టేషన్ పక్కనే ఆ కొట్టు; పార్సిళ్ళు అక్కడ ఉంచి, నంబరు చూపిస్తే ఇస్తారు. పార్సిల్ రాకపోతే ఇదంతా ఉత్త ఆటేననుకుని మరిచిపోదామనుకుంది. వస్తే మాత్రం ఇక ఆ ఇంట్లో ఉండేది లేదు.

కొట్టులో పత్రికల అర దగ్గర అరగంట నిలబడింది. ఎర్రకోటు వేసుకున్న పిల్ల ఒకతె వచ్చి ఒనిగిరి అన్నంముద్ద ఒకటి కొనుక్కుంది. యోసుకే మనసులో మిజుకి ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. ఆ పిల్ల ఏ పాపం ఎరక్కపోయినా ఆమె మీద కోపం వచ్చింది.

చివరికి కౌంటర్ దగ్గరికి వెళ్ళి పార్సిల్ నంబరు చూపించింది. అక్కడి అమ్మాయి లోపలికి వెళ్ళి పెట్టె పట్టుకొచ్చింది.

"ఎవరి పేరు మీద వచ్చిందండీ?"

ఏప్రిల్లో ఆ చీటీ మీది కోడ్‌తో ఆట తెరిచినప్పుడు తను పెట్టుకున్న పేరే చెప్పింది చిజురు, "మిజుకి" అని.