నాన్నకు జ్వరం

"నాన్నకు జ్వరం. అందుకే రాలేదు."

పొయ్యి మీద దోసకాయ పప్పు ఉడుకుతుంటే కల్పలత ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంటోంది. ఒకసారి మాట మధ్యలోనే తెగింది. ఇంకోసారి కళ్లు తడి అయ్యాయి. ఎలా అన్నా అబద్ధంలాగే వినబడుతోంది.

దయాకర్‌కు జ్వరం లేదు. దయాకరే లేడు. గుండెపోటుతో పోయి ఇంకా వారం కాలేదు. పదో రోజు రాలేదు కాబట్టి ఆమె బొట్టూ గాజులూ తాళీ అలాగే ఉన్నాయి. పొయ్యి మీద ఉడుకుతున్నవి ఆయన చివరిసారి మార్కెట్ నుంచి తెచ్చిన దోసకాయలే.

కూతురు వసుధకు ఈ సంగతి తెలియదు. 'గడప లోపల' అనే టీవీ షోలో ఉంది. ఆ ఇంట్లోకి ఫోను పోదు, పేపరు పోదు. ఎటు చూసినా కెమెరాలే. పెళ్లిళ్లకు మెహందీ పెట్టే పిల్లకు టీవీ ఎందుకని బోయిన్‌పల్లి గల్లీ అంతా నవ్వినా, పట్టుబట్టి పంపింది దయాకరే. ఆస్పత్రిలో ఆఖరున అన్నదీ అదే.

"నాకేమన్న అయితే సుత పిల్లకు చెప్పకు. ఆట పూర్తి చెయ్యనీ."

తెలిస్తే వసుధ ఆ క్షణమే వచ్చేస్తుంది. ఇవాళేమో ఇంటివాళ్లు లోపలికి వెళ్లి పిల్లల్ని చూసి వచ్చే రోజు. షో వాళ్లకు కూడా కల్పలత నిజం చెప్పలేదు. చెబితే కెమెరాలన్నీ పిల్ల ముఖం మీదికి తిప్పి, దాని ఏడుపును ఊరంతటికీ చూపిస్తారని ఆమె భయం.

"మైలల గడప దాటుతున్నవు, జెర పైలం" అంది దయాకర్ అక్క ఎల్లమ్మ. తమ్ముడు పోయినప్పటి నుంచి ఇంటి పెత్తనం ఆమెదే. దీపం పెట్టొద్దు, తలకు నూనె రాయొద్దు, తాలింపు వేయొద్దు, గడపకు పసుపు పూయొద్దు. ఆమె ఏది చెబితే అది కల్పలత చేతులు చేసుకుపోతున్నాయి. "పిల్ల నీ మొకం జూస్తనే పసిగడ్తది. అబద్ధమాడుడు నీకెన్నడొచ్చింది?"

"భయపెట్టకు వదినా. ఆ డబ్బా ఇటియ్యి."

సెట్ దగ్గర ఫ్లోర్ మేనేజర్ సామ్యూల్ ఆమెకు మైకు పెట్టించాడు. డబ్బా మూత తీసి, చెంచాతో పప్పును అడుగుదాకా కలిపి చూశాడు.

"ఏమనుకోకండి మేడమ్. మొన్న ఒకాయన లడ్డూలో చీటీ పెట్టాడు. బయటి వార్త ఒక్కటి కూడా లోపలికి పోవద్దు. నవ్వుతూ వెళ్లండి. నేచురల్‌గా ఉండండి."

తలుపు తెరుచుకుంది. కల్పలత డబ్బా పట్టుకుని లోపలికి నడిచింది.

"అమ్మా!"

వసుధ పరుగున వచ్చి వాటేసుకుంది. చిక్కిపోయింది. తల్లి భుజం మీదుగా తలుపు వైపు చూసింది.

"నాన్నేడీ?"

"నాన్నకు... జ్వరం. అందుకే రాలే."

"జ్వరమా? నాన్న జ్వరానికి ఆగే మనిషేనా? కాలు బెణికినా కుంటుకుంట మోండా మార్కెట్‌కు పోయి దుకాణం తెరుస్తడు. ఏమైందమ్మా?"

గోడ మీది కెమెరా ఒకటి మెల్లగా ఇటు తిరిగింది. ఇంకొక్క ప్రశ్న అడిగితే ఇక దాచలేననుకుంది కల్పలత.

"ముందు తిను. చల్లారిపోతది."

వసుధ డబ్బా తెరిచింది. "దోసకాయ పప్పే!" అంటూ అన్నం పెట్టుకొచ్చి, అక్కడే కూర్చుని కలిపింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కల్పలత ముందుకు వంగింది. "ఏమైందే?"

"కారం!" వసుధ పకపకా నవ్వింది. "ఇంత కారం పోసినవేందే? నన్ను చంపేద్దామనా?"

ఆ ఇంట్లోవాళ్లంతా నవ్వారు. కల్పలత కూడా నవ్వింది. నవ్వు అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆమె భయపడ్డ ప్రశ్న మళ్లీ రాలేదు. వసుధే గలగలా మాట్లాడింది. తన మంచం చూపించింది. తనతో రోజూ పోట్లాడే ఆశీష్‌ను చూపించి, "వీడు నా దుష్మన్ అమ్మా" అంది. అతను పప్పు అడిగితే ఇవ్వలేదు. ఎవరికీ ఒక్క ముద్ద పెట్టలేదు. డబ్బా అడుగు వేలితో తుడిచి మరీ తింది.

గంట మోగింది. తలుపు దగ్గర వసుధ తల్లి గాజులను ఒక్కొక్కటే ముట్టుకుంది.

"నాన్నకు చెప్పు. మధ్యల రాను. ఆట పూర్తి చేసే వస్త."

బయట సామ్యూల్ ముఖం వెలిగిపోతోంది. "సూపర్ మేడమ్! మీ అమ్మాయి గొప్పతనమేంటో తెలుసా? యాక్టింగ్ రాదు. మనసులో ఉన్నదంతా మొహంలో కనిపించేస్తుంది. జనం ఈ షో చూసేదే అందుకు."

కారు ఎక్కి ఆమె ఖాళీ డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. దయాకర్‌కిచ్చిన మాట నిలిచింది.

ఇల్లు చేరగానే ఎల్లమ్మ బలవంతంగా కంచం ముందు కూర్చోబెట్టింది.

"పసిగట్టలే కద?"

"లేదు వదినా. నవ్వుకుంట తిన్నది."

"బతికించినవ్." ఎల్లమ్మ పప్పు వడ్డిస్తూ నిట్టూర్చింది. "గీ సప్పటి పప్పు చూస్తే మా అమ్మ పోయిన దినాలు యాదికొస్తున్నయ్. అప్పుడు వసుధ చిన్నది. తాలింపేది, ఎల్లిపాయలేవి అని ఎంత లొల్లి చేసింది! ఇంట్ల మనిషి పోతే తాలింపెయ్యరు బిడ్డా అని, దయాకరే ఒళ్లె కూసోబెట్టుకొని సమజ్ చేసిండు."

కల్పలత కంచంలోకి చూసింది: పొద్దున వసుధ కోసం తాను డబ్బాలో పెట్టిందీ ఈ గిన్నెలోని చప్పటి పప్పే.