పొడిపుల్ల

భూమిలో చమురే అడుగంటుతోందంట. యానాం పెట్రోలు బంకువాడు నిన్న డీజిలు లేదని అడ్డంగా తాడు కట్టేశాడు. చీకటి పడేసరికి మా ఊరు అడవిపొలంలో రొయ్యల చెరువుల మీద గాలి కొట్టే ఇంజిన్లన్నీ ఆగిపోయాయి, మాది తప్ప. ఇదీ ఆగితే నీళ్లలో గాలి తగ్గి, తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్ది.

ట్యాంకులో పుల్ల ముంచి చూశాను. పొడిగా వచ్చింది. ఇంజిను మీద చెయ్యేశాను. చల్లగా ఉంది. ఆడుతూనే ఉంది.

"ఇందులో చుక్క లేదు కామేశ్వరీ," అన్నాను, చెరువుగలావిడతో.

"ఆడుతోందిగా బాబాయ్."

"ఏం తాగి ఆడుతోందమ్మా?"

"మన రొయ్య బతికితే చాలు. నువ్వు దాన్ని కదపకు."

ఇంజిను చూసుకునేది నేనే కదా, ఏం తాగుతోందో తేల్చుకోవాలని, ఆపడానికి చెయ్యి చాపాను. అప్పుడు పక్క చెరువు మీద ఇంజిను మోగింది. దాని వెనకే అవతలిది. ఆ గట్ల మీద మనిషి లేడు.

"డీజిలొచ్చినట్టుంది," అంది కామేశ్వరి ధీమాగా.