అత్తగారి పాసు

"అడవి పార్కుకి పాసు కొన్నారు సరే, రిజర్వేషనేదండీ?" అంది భార్య, ఫోన్ మొగుడి ముక్కు దాకా తెచ్చి.

లెక్కల మాస్టారు తెల్లబోయాడు. "పాసుంటే చాలదా?"

"చాలదు. ఏ రోజు వెళ్తామో ఆ రోజుకి మన కారుకి వేరే రిజర్వేషనట. ఇదిగో, ఎర్రక్షరాల్లో రాశారు. రేపటికి ఒక్క ఖాళీ లేదు. ఎల్లుండి నుంచి వానలని పార్కు మూసేస్తారు."

బళ్లో అందరికీ టైం టేబుల్ వేసిచ్చేది ఆయనే. ఈ ప్రయాణానికి కూడా ఎన్నింటికి లేవాలో, ఎక్కడ టీ తాగాలో, ఏ జలపాతం దగ్గర ఎంతసేపు నిలబడాలో గీతలు గీసి మరీ వేశాడు. తీరా చూస్తే గేటు దాటే సంగతే మర్చిపోయాడు.

"పోయినేడు పరీక్ష పేపర్లని ప్రయాణం మానేశాం. అంతకుముందు ఇన్‌స్పెక్షన్. ఈ ఏడు ఇదన్నమాట," అంది భార్య. అరిచినా బాగుండేది. మెల్లగా అనేసరికి ఆయన మనసు చివుక్కుమంది. ఏదైనా సందు దొరక్కపోతుందా అని పార్కు నిబంధనలన్నీ మళ్లీ చదివాడు. అట్టడుగున దొరికింది. వయసు మళ్లినవాళ్లకిచ్చే పెద్దల పాసు ఉన్న మనిషి బండిలో ఉంటే, ఆ కుటుంబానికి రిజర్వేషన్ అక్కర్లేదు.

"మీ అమ్మకి పెద్దల పాసుందన్నావు కదూ?"

"మా అమ్మని పిలుద్దామంటే, పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టంటారుగా మీరు!"

"అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు..."

"ఏమన్నారూ? మా అమ్మ గాడిదా?"

"అబ్బే, నేను వసుదేవుణ్ణంటున్నా. పద, పద."

అత్తగారి ఇల్లు పక్క వీధిలోనే. గుమ్మం పక్కన ఎవరివో బురద బూట్లు ఎండుతున్నాయి. ఒక్కగానొక్క అల్లుడు వాటి పక్కన నిలబడి చేతులు నలుపుకుంటుంటే, ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఎగాదిగా చూసింది.

"అత్తయ్యగారూ, మీరెప్పుడూ ఇంటిపట్టునే ఉంటారు... పార్కుకొస్తే కాస్త గాలి మారినట్టుంటుంది..."

"గాలికేం బాబూ, ఇక్కడా బాగానే వీస్తోంది."

బాగా బతిమాలించుకున్నాక దిగొచ్చింది. "ముందు సీటు నాది. నేను చెప్పిన వేళకి బయల్దేరాలి. మీ టైం టేబుల్ గీతల కాగితం మాత్రం ఇంట్లోనే పెట్టి రండి."

మాస్టారు బుద్ధిగా తలూపాడు.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే ఆవిడ మెళ్లో బైనాక్యులర్స్ వేసుకుని కారెక్కింది. పాపం, ఎవర్నడిగి తెచ్చుకుందో అనుకున్నాడు మాస్టారు. ఊరు దాటింది మొదలు ఆవిడ నోరు ఊరుకోలేదు.

"మలుపు దాటాక గుంతుంటుంది, నెమ్మది."

నిజంగానే గుంత ఉంది. "భలే చెప్పారే!"

"రోడ్డన్నాక గుంతుండదా బాబూ? కాస్త తొందరగా పోనివ్వండి. ఎండెక్కితే జింకలు పొదల్లోకి దూరిపోతాయి."

"టీవీలో చూసినట్టున్నారు," అని నవ్వాడు మాస్టారు. గడప దాటని మనిషికి అడవి చూపించబోతున్నందుకు ఆయనకి తన మీద తనకే కాస్త గౌరవం కలిగింది.

గేటు దగ్గర రిజర్వేషన్ లేని బళ్లు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయి. వెనక సీట్లోంచి భార్య ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. గార్డు వచ్చి కిటికీలోకి వంగాడు. అత్తగారు సంచీలో చెయ్యి పెట్టేలోపే మాస్టారు ఛాతీ విరుచుకుని, "పెద్దల పాసుందండీ. ఈవిడ మా అత్తగారు. నేను ఈవిడ అల్లుణ్ణి," అన్నాడు.

గార్డు పాసు అడగనే లేదు. పగలబడి నవ్వి, గేటు కర్ర పైకెత్తుతూ అన్నాడు.

"ఏంటి పెద్దమ్మా, మీ పాసు మీద ఈ నెల్లో ఈయన నాలుగో అల్లుడు! మీకున్నది ఒక్కడే అల్లుడనీ, ఆయనకి మిమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్లే తీరికుండదనీ మొన్ననేగా చెప్పారు?"

మాస్టారు చప్పున అత్తగారి వైపు తిరిగాడు. అత్తగారు కొంగుతో బైనాక్యులర్స్ తుడుచుకుంటూ తాపీగా అంది:

"పోనివ్వు నాయనా, ఈయన కూడా అల్లుడిలాంటివాడే."