నీలిమందు

లాడ్జి మేనేజరు దుప్పటి విప్పి బల్ల మీద పరిచాడు.

"తెల్లగా ఉతకమంటే ఆకాశాన్ని మూటకట్టి తెచ్చావేంటమ్మా? నీలిమందు డబ్బా మొత్తం ఒంపేశావా?"

"నీలిమందు ముట్టుకుని నెల దాటింది బాబూ. కాలవే అలా ఉంది."

"ఇంకోసారి ఇలా తెచ్చావంటే పని మిషన్ లాండ్రీకి ఇచ్చేస్తా."

ఆ లాడ్జి బట్టలు ఉతికే పనే ఆమెకు కూడు.

మూట నెత్తిన పెట్టుకుని రేవుకు తిరిగొచ్చింది. ఎగువన బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి కాలువది ఏడాదికో రంగు. పరాయి దేశాల్లో ఏ రంగు మీద మోజు పుట్టినా రేవులో ఆడవాళ్లకే ముందు తెలిసేది.

ఈ ఏడు నీలం.

ఆమె బండ మీద ఎవరో ముసలాయన కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాడు.

"ఏం తాతా, చేపలు పలకరిస్తున్నాయా?"

"చేపలెక్కడివమ్మా."

"అయితే లే. నా పని చెడగొట్టకు."

లేచి పక్కన నిలబడ్డాడు. ఆమె దుప్పటిని బాదిన కొద్దీ నీలం ఇంకా ముదిరింది.

"అది పోదమ్మా."

"శాపాలు పెట్టడానికొచ్చావా?"

"ఆ దుప్పటి నాకిస్తావా?"

ఆమెకు చిర్రెత్తింది. "ఇది లాడ్జి సొమ్ము. కప్పుకోవడానికి ఇంకెక్కడన్నా అడుక్కో."

"కప్పుకోవడానికి కాదు, చూపించడానికి."

మర్నాడు కొత్త తెల్ల దుప్పటి తెచ్చిచ్చి, పాడైనది పట్టుకుపోయాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అనుకుందామె.

వానలు వెళ్లాక కాలువ తేటపడింది. అడుగున రాళ్లు కనిపించిన నాడు ఆమె దోసిట్లో నీళ్లు కళ్లకద్దుకుంది.

"ఇప్పటికి తెలిసొచ్చిందా, నీలిమందు ఎంత వెయ్యాలో?" అన్నాడు మేనేజరు. ఆమె నవ్వి, కూలి డబ్బులు కొంగున కట్టుకుంది.

ఒకరోజు ఫ్యాక్టరీ వాచ్‌మన్ యూనిఫారం ఉతకమని తెచ్చాడు.

"మీవాళ్లకు దేవుడు కనిపించాడా అన్నా, నీళ్లు బాగుపడ్డాయి?"

"దేవుడు కాదమ్మా, దుప్పటి. విదేశాల నుంచి కొనేవాళ్లు వచ్చినప్పుడు ఒక ముసలాయన వాళ్ల ముందు పరిచాడు. 'ఎంత ఉతికినా పోని రంగు కావాలన్నారుగా, ఇదిగో, దిగువనున్న వాళ్ల దుప్పట్లకు పట్టినా పోవట్లేదు' అన్నాడు. నీళ్లు శుద్ధి చేసేదాకా సరుకు కొనేది లేదన్నారు వాళ్లు. ఆ నీలం అసలే వద్దన్నారు."

ఆమె యూనిఫారం బండ మీద పెట్టేసింది.

"ఆయన్నోసారి చూపించన్నా. నోటికొచ్చినట్టు అన్నాను. కాళ్లకు దండం పెట్టుకుంటా."

"ఇంకెక్కడున్నాడమ్మా. ఆ నీలంతోపాటే మావాళ్లు ఆయన్నీ మానిపించేశారు."

"ఇంతకీ ఎవరాయన?"

"రంగులు కలిపే మేస్త్రీ. ఆ నీలం పుట్టిందే ఆయన చేతిలో."