ట్రెలోర్ పంపిన చీటీలు

“ట్రెలోర్ చీటీలన్నీ తీసుకురా తల్లీ. పుస్తకం ముందుమాటలో ఆ అబ్బాయిని తలుచుకోవాలి,” అన్నాడు ఆంబ్రోస్ థర్లో, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

మలయా దీవుల్లో ట్రెలోర్ జ్వరంతో పోయాడని కబురొచ్చి వారమైంది. ఆ వారమంతా హెస్టర్ కంటికి కునుకు లేదు. పేడపురుగు కాలికి ఎన్ని వెంట్రుకలున్నాయో చెప్పగల తండ్రికి, కూతురి ఎర్రబడ్డ కళ్ళు మాత్రం కనబడలేదు.

ఏడేళ్ళ కిందట, ఆ దీవుల పిట్టల్ని సేకరించడానికి ఇంగ్లండు నుంచి ఓడెక్కే ముందు, ట్రెలోర్ వేసవంతా ఈ ఇంట్లోనే ఉండి పిట్టల తోలు ఒలవడం నేర్చుకున్నాడు. వెళ్ళేరోజు యాపిల్ తోటలో, “మీకు నేరుగా రాస్తే బాగుండదు. ఏదున్నా మీ నాన్నగారికే రాస్తాను,” అన్నాడు. పెళ్ళికాని పిల్లకి పరాయి మగవాడు ఉత్తరం రాస్తే ఊరు ఊరుకోదు మరి. ఆ ఒక్క మాట పట్టుకుని హెస్టర్ ఎదురుచూసింది. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు పెళ్ళాడతానంటే కూడా కాదంది.

ఉత్తరాలైతే వచ్చేవి. ప్రాణులు తరతరానికీ ఎలా మారతాయన్నది థర్లో రాస్తున్న పుస్తకం. దేశదేశాల నుంచి వచ్చే ఉత్తరాలు ఆయనే విప్పేవాడు. పనికొచ్చే ముక్క కత్తిరించుకుని, మిగతాది పొయ్యిలో పడేసేవాడు. ఆ చీటీల్ని అట్టల మీద అంటించి సర్దడం హెస్టర్ పని.

“ఎంతసేపూ పిట్టల ముక్కులేనా? మనిషి మాట ఒక్కటీ రాయడేం ఆ మహానుభావుడు?” అని వంటావిడ దెప్పేది. హెస్టర్ నవ్వేసేది. లోపల మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

ఇవాళ ఉండబట్టలేక అడిగేసింది.

“నాన్నా, ఆయన ఎప్పుడైనా నా సంగతి అడిగారా?”

“పిట్టల ఉత్తరాల్లో నీ సంగతెందుకొస్తుందమ్మా?” థర్లో కాగితాల్లో తల దూర్చాడు. తలెత్తకుండానే, “నువ్వు లేకపోతే నేను లేను, ఈ పుస్తకమూ లేదు తల్లీ,” అన్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. తనని కావాలనుకున్న మనిషి ఈ లోకంలో ఈయనొక్కడే అనుకుంది.

పెట్టెలోంచి అట్టలు తీసింది. అన్నీ తను అంటించినవే. ఒక్కటి మాత్రం తండ్రి స్వయంగా అంటించుకున్నాడు. ‘ఈ దీవిలో పావురానికి ముక్కు పొడుగు, పక్క దీవిలో పొట్టి.’ పుస్తకంలో పెద్ద అధ్యాయం ఆ చీటీ మీదే నిలబడింది. అంత విలువైంది కనుకే తన చేతికి ఇవ్వలేదని ఆమె ఎప్పుడూ అనుకునేది.

జిగురు ఎండిపోయి, చీటీ ఊడి చేతిలోకి వచ్చింది. ఆ దీవుల్లో కాగితానికి కరువు కాబోలు, ట్రెలోర్ వెనకవైపు కూడా రాశాడు:

“నేనంటే ఇష్టం లేదని హెస్టర్ తన నోటితో చెప్పిందని ఈసారి కూడా మీరు రాశారు కనుక, ఆమెని నాకిచ్చి చేయమని ఇక అడగను, ఇంగ్లండుకీ తిరిగి రాను.”